కమ్నన్ గారి భోజనం

మా నాన్న ప్రయోంగ్ ముప్పై ఏళ్లు
చేపల కూడు నీళ్లలోనే వెతికాడు.
తెల్లారకముందే గుడ్డవల భుజాన వేసుకుని
కాలవ మొగదాకా నడిచి
దోమపిల్లలు తెచ్చేవాడు.
డబ్బా నిండా మెలికలు తిరిగే నల్లని కామాలు.

ఆ కాలవ ఇప్పుడు లేదు.
దానిమీద నూట పన్నెండు ఇళ్లు, ఒక గేటు,
గేటుకో కాపలా మనిషి.
దోమలు మాత్రం ఉన్నాయి.
పిల్లల్ని ఎక్కడ దాచుకుంటున్నాయో.

మిగిలింది ఒక్క చేప.
నీలం ఒంటికి ఇటుకరంగు తోక. పేరు కమ్నన్.
మా ఊరి పెద్ద కమ్నన్ లాగే
అద్దంలో తన మొహం తనే చూసుకుని
కయ్యానికి దిగుతాడు.

ఎండు మేత కొందామన్నాను.
"బతికున్న చేప గులకరాళ్లు తింటుందా?" అన్నాడు నాన్న.
అన్నాడు గానీ, చెప్పులు వేసుకున్నాడు.

హియా క్వాంగ్ కొట్లో అరలనిండా డబ్బాలు.
ప్రతి డబ్బా మీదా మా కమ్నన్ కంటే అందగాడు.
నాన్న బొమ్మలు చూడడు. డబ్బా తిరగేసి
చీమ తలకాయంత అక్షరాలు నా ముందు పెట్టాడు.
"మొదట ఏముందో చదువు."
గోధుమపిండి.
"పెట్టెయ్. అది రొట్టెల కొట్టు సరుకు."
ఇంకోటి: సోయా, గోధుమ, రంగు,
ఎక్కడో చివర చేప,
శుభలేఖలో దూరపు చుట్టం పేరులా.
మూడోది: రొయ్య, చేప, ఆ తర్వాతే పిండి.
"ఇది తేలుతుందా?" అనడిగాడు హియాని.
"వీడి నోరు పైకి తిరిగి ఉంటుంది.
కిందపడ్డ కూడు వంగి ఏరుకోడు."
రేకులు వద్దన్నాడు. చెదిరి నీళ్లు పాడుచేస్తాయట.
పెద్ద డబ్బా చవకన్నాడు హియా.
"ఒక్క నోటికి ఏడాది గ్రాసమా?
వానలు పట్టిన రెండో నెలకే ముక్కిపోదూ?"
చిన్నదే కొన్నాం, నలభై అయిదు బాట్లు.
ఎండిన ఎర్రపురుగుల సీసా పట్టుకుని మాత్రం
నాన్న చాలాసేపు నిలబడ్డాడు,
పాత స్నేహితుడి ఫోటో దొరికినట్టు.
పండగపూటకి, అని బుట్టలో వేశాడు.

మొదటి పూట కమ్నన్ గుళికను నోట్లో వేసుకుని
తుపుక్కున ఉమ్మాడు.
మళ్లీ వేసుకున్నాడు. మళ్లీ ఉమ్మాడు.
నాన్న మొహంలో
చెప్పానా, అన్న వెలుగు.

మూడో రోజు తిన్నాడు.
నాలుగో రోజు నుంచి నాన్నే చెడగొట్టాడు.
వాడు గాజుకు ముక్కు ఆనించి తోక ఆడిస్తే చాలు,
ఇంకోటి.
నేను బస్సుల టిక్కెట్ల కిటికీలో కూర్చునుండగా
ఇంట్లో ఇంకోటి, ఇంకోటి.
వారం తిరిగేసరికి కమ్నన్
చింతగింజ మింగినట్టు ఉబ్బి
బాదం ఆకు కింద ఒరిగి ఈదుతున్నాడు.

ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు.
ఆయనకు షుగరు. ఆయన గిన్నె నేనే కొలుస్తాను,
గరిటెన్నర.
"కన్నెంతో వాడి పొట్ట అంతే" అన్నాడు చీకట్లో.
"నాకు తెలీక కాదు రంపా.
దోమపిల్లలు దొరకడమే కష్టం గనక
లెక్క దానంతటదే కుదిరేది.
ఈ డబ్బాకి మూత తీస్తే
అడిగేవాడెవడూ లేడు."

రెండు రోజులు పస్తు. మూడోనాడు పొట్ట తీసింది.

ఇప్పుడు డబ్బా మీద ఒక కాగితం, నాన్న రాతలో:
పొద్దున మూడు, సాయంత్రం రెండు, బుధవారం లేదు.
గుళికల్ని సీసామూతలో చుక్క నీళ్లకు నాననిస్తాడు,
ఉబ్బేదేదో అక్కడే ఉబ్బనీ అని.
వేలికొసకు అంటించి ఒక్కొక్కటే దించుతాడు.
కమ్నన్ ఎగిరి వేలు కొరుకుతాడు.
వేలో గుళికో, వాడికీ పట్టదు, నాన్నకీ పట్టదు.

బుధవారం ఇద్దరూ కిటికీ దగ్గరే ఉంటారు,
గాజులో ఒకడు, గాజు బయట ఒకడు.
ఆ రోజు నాన్న కాఫీలో తాటిబెల్లం కూడా వేసుకోడు.
నేను చెప్పలేదు. ఆయనే.

నిన్న బుధవారం.
డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి
నాన్న పేపరు చదువుతున్నాడు.
పేజీ తిప్పిన చోట
తడి వేలిముద్ర.